దక్షిణ ధ్రువానికి డెమో క్లాసు

హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్‌లోనైనా మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అంటారు. విని నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క సందులో ఇంకో డెమోకు పోతారు. ఊళ్ల నుంచి కొత్తగా దిగిన పిల్లలు బ్యాగు కూడా పూర్తిగా విప్పకుండా మొదటి వారమంతా డెమోలు తిరుగుతూ గడిపేస్తారు. తర్వాత ఎన్నేళ్లు ఇక్కడ పడి ఉన్నా, ఆ వారమే బాగుండేదని చెప్పుకుంటారు. నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను.

మా సెంటర్‌లో డెమో చెప్పేది గోవర్ధన్ సార్. ఆయన సబ్జెక్టు జాగ్రఫీ. సిలబస్‌లో నదులున్నాయి, నేలలున్నాయి, ఋతుపవనాలున్నాయి. డెమోలో సార్ వాటి ఊసే ఎత్తేవారు కాదు. బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసేవారు: మనిషన్నవాడు బతికుండగా ఒక్కసారైనా అంటార్కిటికాకు ఎందుకు పోవాలి? ఇక గంటసేపు దానికి జవాబు. ఆ గంట కోసం రాంనగర్ హాస్టళ్ల నుంచి కూడా పిల్లలు వచ్చి, కుర్చీలు చాలక మెట్ల మీద నిలబడి వినేవాళ్లు.

ఆ గంటలో ఏముండేదో చెప్పాలి. చెప్పకపోతే నేను ఏడేళ్లు ఎందుకు పారేసుకున్నానో మీకు అర్థం కాదు, తెలివితక్కువది అనుకుంటారు. అనుకున్నా తప్పులేదు గానీ, ముందు వినండి.

అక్కడ ఎవరికీ పట్టా లేదు అని మొదలుపెట్టేవారు సార్. పాస్‌బుక్కు లేదు, సర్వే నంబరు లేదు, హద్దురాయి లేదు. ఏడు దేశాలు మాది మాదంటాయి గానీ ఒప్పందం ప్రకారం ఎవరి మాటా చెల్లదు. మాది దేవరకొండ పక్కన పల్లె. జానెడు గట్టు జరిపారని అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న ఇళ్లలోంచి వచ్చినవాళ్లం, ఆ ఒక్క మాటకే మాకు ఒళ్లు జలదరించేది. తర్వాత పెంగ్విన్లు. పెంగ్విన్ నడిచే దారికి మనిషి అడ్డు రాకూడదు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, అది తాపీగా దాటిపోయేదాకా నిలబడాల్సిందే. పెద్దమనుషుల కార్లు పోతుంటే రోడ్డు పక్కన గంటలు గంటలు నిలబడ్డ పిల్లలు అక్కడ పడీ పడీ నవ్వేవాళ్లు. తర్వాత మంచు. దాని లోపల వేల ఏళ్ల కిందటి గాలి బుడగలై చిక్కుకుని ఉంటుందట, ముక్క విరిచి నీళ్లలో వేస్తే చిటపటలాడుతూ ఆ గాలి బయటికొస్తుందట. ఎవ్వడూ పీల్చి వదలని గాలి అనేవారు సార్. గదికి ఆరుగురం పడుకునే వాళ్లం మేము. ఆ మాట దగ్గర అందరం ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకునేవాళ్లం.

చివర్లో ఒక ఫొటో వేసేవారు. ఎర్ర జాకెట్, తల మీద టోపీ, వెనక అంతా తెలుపు, మధ్యలో నవ్వుతూ గోవర్ధన్ సార్. క్లాసంతా చప్పట్లు. చప్పట్లు ఆగాక సార్ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవారు.

"కొలువు లేనోడు తిరిగితె లఫంగ అంటరు. కొలువున్నోడు తిరిగితె యాత్రికుడు అంటరు. కొలువు కొట్టుండ్రి, అక్కడికి పోండ్రి. అక్కడ పోస్టాఫీసు గూడ ఉన్నది, నాకో ఉత్తరం రాయుండ్రి."

ఆ ఉత్తరం నేనే రాయాలనుకుని చేరాను. అప్పుడు నాకు ఇరవై నాలుగు. బీఎడ్ అయిపోయింది, ఊళ్లో బడిపంతులమ్మ అయ్యేదాన్నేమో. గ్రూప్-టూ రాద్దామని ఇక్కడే ఉండిపోయాను. నోటిఫికేషన్ ఒకసారి వస్తే పరీక్ష రెండుసార్లు వాయిదా పడేది. పొద్దున్నే పోయి చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ మీద బ్యాగు పెట్టి సీటు ఆపుకోవడం, చీకటి పడేదాకా చదవడం, మెస్‌లో పప్పు నీళ్లు తాగడం. ఒకసారి మార్కున్నర తేడాతో పోయింది. మార్కున్నరే కదా, వచ్చేసారి ఖాయం అన్నారు అందరూ. పదిహేను మార్కులతో పోయినవాళ్లు ఊళ్లకు వెళ్లి పెళ్లిళ్లు చేసుకుని సుఖంగా ఉన్నారు. మార్కున్నరతో పోయినవాళ్లం మాత్రం ఇక్కడే ఉన్నాం.

నాలుగో ఏడు హాస్టల్‌లో ఒక అమ్మాయి పుట్టినరోజని ఇందిరాపార్కు అవతల, టికెట్టు కొంటే మంచు చూపించే చోటికి వెళ్లాం. లోపలికి పోయే ముందు కౌంటర్‌లో వేసుకోవడానికి జాకెట్లిచ్చారు. ఎర్ర జాకెట్లు. ఎడమ చేతి మీద తెల్ల రంగుతో నంబరు. నాది 86. సార్ ఫొటోలో చేతి మీద 114 ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను, అది ఏదో యాత్ర బృందం నంబరు అనుకున్నాను. మిగతావాళ్లు మంచు గుప్పిళ్లతో కొట్టుకుంటుంటే నేను గోడ పక్కన నిలబడిపోయాను. గోడకు పెంగ్విన్ బొమ్మలు అతికించి ఉన్నాయి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నాలుగేళ్లు నేను ఏం చేశానో ముందు నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చేది. దానికంటే నోరు మూసుకోవడమే తేలిక. ఆ తర్వాత సెంటర్‌లోనే టెస్ట్ పేపర్లు దిద్దే పని దొరికింది, ఆ పనిలోనే ముప్పై ఒకటి దాటాను.

ఈ ఏడు వానాకాలంలో గోవర్ధన్ సార్ గొంతు పోయింది. ముప్పై ఏళ్లు మైకు లేకుండా అరిచిన గొంతు. నారాయణగూడలో డాక్టరు ఆపరేషన్ చేసి, మూడు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. కొత్త బ్యాచ్ డెమో వచ్చే ఆదివారం. సెంటర్ ఓనర్ కరుణాకర్ సార్ నన్ను తన గదిలోకి పిలిచి, డెమో నువ్వు చెప్పు అన్నాడు. మంచిగా నడిస్తే జాగ్రఫీ నీకే ఇస్తాననీ, పిల్లలు చేరకపోతే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంకో ఆయన్ని తెస్తాననీ, అప్పుడు పేపర్లు కూడా ఆయన మనుషులే దిద్దుకుంటారనీ చెప్పాడు. కరుణాకర్ సార్ ఏదీ దాచి చెప్పే మనిషి కాదు, అదొక్కటి మెచ్చుకోవాలి.

ఆ సాయంత్రమే నాయిన ఫోన్ చేశాడు. నాకొక చెల్లెలుంది, భాగ్యశ్రీ. నాకంటే ఏడేళ్లు చిన్నది. నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. చంటిపిల్లల చేతికి సూది పెట్టాలంటే అక్కడ డాక్టర్లు కూడా దాన్నే పిలుస్తారు. ఏడ్చే పిల్ల ఏడుపు ఆపేలోపు, ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటుంది. వచ్చే నెల ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుంటామన్నారు. అలాంటి పిల్ల ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వస్తానని కూర్చుంది.

"నేను వద్దంటె ఇంటలేదు. అక్కనేమో పట్నంల చదివిచ్చినవ్, నన్నేమో సూదులకు పంపినవ్ అంటున్నది," అన్నాడు నాయిన. "ఐతారం తోల్కొస్త. నువ్వు వద్దని చెప్పు బిడ్డ. నువ్వు చెప్తె ఇంటది."

ఆదివారమే నా డెమో. డెమో బాగా చెబితే నాకు ఉద్యోగం వస్తుంది, దానికి ఉద్యోగం పోతుంది. చెడగొడితే అది నల్లగొండ తిరిగి వెళ్తుంది, నేను రోడ్డు మీద పడతాను. ఇంత సూటి ప్రశ్న ఏడేళ్లలో ఏ పేపర్‌లోనూ రాలేదు.

శనివారం చిక్కడపల్లిలో గోవర్ధన్ సార్ ఇంటికి వెళ్లాను, డెమో బొమ్మలున్న పెన్‌డ్రైవ్ తెచ్చుకోవడానికి. సార్ మెడకు తెల్ల గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లో మనవరాలి పలక. ఏం చెప్పాలన్నా దాని మీద రాసి చూపిస్తున్నారు. క్లాసులో పులిలా తిరిగిన మనిషి, సుద్ద ముక్క కోసం సోఫా సందుల్లో వెతుక్కుంటున్నాడు. నాకు జాలి వేయాలి. కోపమే వచ్చింది. సార్, ఆ ఫొటోలో మీ చేతి మీద నూట పద్నాలుగు ఉంది అన్నాను. సార్ భార్య టీ పెట్టి లోపలికి వెళ్లేదాకా ఆగి, పలక మీద రాశారు.

"నేను పోయిన అని ఎన్నడన్న చెప్పిన్నా?"

నిజమే, ఎన్నడూ చెప్పలేదు. చెరిపి మళ్లీ రాశారు. మొదటిసారి ఊరికే నవ్వించడానికి ఆ ఫొటో వేశారట. పిల్లలు చప్పట్లు కొట్టారట. అది కాదు అని చెప్పబోయి, ఆ చప్పట్లు ఆపలేకపోయారట. తనూ ఇక్కడ ఆరుసార్లు పరీక్ష రాసి, వయసు దాటిపోయాక పాఠం చెప్పడానికి నిలబడ్డవాణ్ణేనని రాశారు. ఆ సంగతి నాకు తెలియదు. ఆయన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టారు. నేను టీ తాగకుండానే వచ్చేశాను.

ఆదివారం పొద్దున నాయిన, భాగ్యశ్రీ దేవరకొండ బస్సు దిగి నేరుగా వచ్చారు. క్రాస్‌రోడ్డు దగ్గర టీ కొట్టు పక్కన నిలబడి దానికి చెప్పాల్సిందంతా చెప్పాను. ఇక్కడ ఎంతమంది ఉన్నారో, పోస్టులెన్నో చెప్పాను. మెస్ తిండితో నా కడుపు ఎలా పాడైందో చెప్పాను. నాతో చేరిన పద్దెనిమిది మందిలో ఉద్యోగం వచ్చింది ఇద్దరికేనని, వాళ్లలో ఒకతను ఉద్యోగం వచ్చిన రోజు కూడా నవ్వలేదని చెప్పాను. అది గ్లాసు తిప్పుకుంటూ అంతా విన్నది. విని ఒకే ఒక్క మాట అడిగింది.

"అంత పరేషాన్ ఉంటె నువ్వెందుకు ఉంటున్నవ్ అక్క, ఏడేండ్ల సంది?"

నాయిన నా వంక చూశాడు. నేను టీ గ్లాసు వంక చూశాను. పదకొండుకు క్లాసని చెప్పి ముందు నడిచాను.

మా సెంటర్ రెండో అంతస్తులో, పుస్తకాల దుకాణం పైన. హాలు నిండిపోయింది. భాగ్యశ్రీ మొదటి వరసలో కూర్చుని కొత్త నోట్‌బుక్ తెరిచింది. నాయిన వెనక గోడకు ఆనుకుని, చెప్పులు విడిచి నిలబడ్డాడు. క్లాసులోకి చెప్పులతో రావచ్చని ఎవరో చెప్పినా వినలేదు. కరుణాకర్ సార్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బోర్డు మీద సార్ ప్రశ్న రాశాను. పట్టా లేని నేల గురించి చెప్పాను. పెంగ్విన్ దగ్గర నవ్వించాను. అన్నీ సార్ మాటలే, ఏడేళ్లుగా విని విని నాకు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా వచ్చు. మంచులోని పాత గాలి దగ్గరికి వచ్చేసరికి భాగ్యశ్రీ కళ్లు మెరుస్తున్నాయి. ఏడేళ్ల కిందట ఆ కుర్చీలోనే, ఆ కళ్లతోనే నేను కూర్చున్నాను. అది ఆసుపత్రి గురించి మాట్లాడేటప్పుడు ఆ కళ్లు ఎప్పుడూ అలా లేవు. నాకు భయం వేసింది. ఆ తర్వాత బొమ్మ మార్చబోతే సార్ ఫొటో వచ్చింది. చప్పట్లు మొదలయ్యాయి.

"ఆగుండ్రి," అన్నాను. "ఈ ఫొటో అంటార్కిటికల దిగింది కాదు. ఇందిరాపార్కు అవతల దిగింది. ఆటోల పోతె పది నిమిషాలు."

చప్పట్లు సగంలో ఆగాయి. గుమ్మంలో కరుణాకర్ సార్ చేతులు విప్పాడు. అప్పుడు వెనక ఎవరో నవ్వారు, వెంటనే అందరూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, ముద్దుగా నవ్వారు. సార్ భలే మనిషి అనుకున్నారు. అదీ క్లాసులో భాగమే అనుకున్నారు.

ఆ నవ్వుతో నాకు ఒళ్లు మండింది. బోర్డు మీద ప్రశ్న చెరిపేశాను. ఎందుకు పోకూడదో చెప్తాను, వినండి అన్నాను. నేను ఎక్కడికీ పోలేదని, ఏడేళ్లుగా అశోక్ నగర్ దాటలేదని, సార్ చెప్పని పుస్తకాలు మాత్రం లైబ్రరీలో చదివానని చెప్పాను.

అక్కడికి పోవాలంటే ప్రపంచంలో అన్నిటికంటే పాడు సముద్రం రెండు రోజులు దాటాలి, ఆ రెండు రోజులూ కడుపులో పేగులు నోట్లోకి వస్తాయి. అంతా దాటి పోయాక నేల మీదికి ఒకసారికి వందమందినే దిగనిస్తారు, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తూ వంతు కోసం కూర్చోవాలి. కొన్ని రోజులు నేలా ఆకాశమూ ఒకే తెలుపు అయిపోతాయి. మనిషి ముందుకే పోతున్నాననుకుని గుండ్రంగా తిరుగుతాడు, తన అడుగులే మళ్లీ కనిపించేదాకా అతనికి తెలియదు. ఇలా చెప్పుకుంటూ పోయాను. గొంతు నా చేతిలో లేదు.

అటు చివర ఉత్తర ధ్రువానికి బయల్దేరినవాళ్ల సంగతి చెప్పాను. రెండు వందల ఏళ్ల కిందటి మాట. సముద్రం మీద గడ్డకట్టిన మంచు మీద వాళ్లు నడిచారు. రోజూ ఒళ్లు హూనం అయ్యేలా పడవలు లాక్కుంటూ ఉత్తరానికి నడిచారు. లెక్క చూసుకుంటే అడుగు ముందుకు పడ్డట్టు లేదు. ఎందుకంటే వాళ్ల కాళ్ల కింద మంచే దక్షిణానికి కొట్టుకుపోతోంది. వాళ్ల నడకలో తప్పు లేదు, వాళ్ల కష్టంలో తప్పు లేదు. కింద మంచు ఎటు పోతోందో వాళ్లకు చెప్పినవాడే లేడు. మనదీ అంతే అన్నాను.

"దక్షిణ ధ్రువం దాంక పోయి, తిరుగుదారిల సచ్చిపోయినోళ్లు ఉన్నరు," అన్నాను. "వాళ్ల గుడారం నుంచి తిండి దాచిపెట్టిన జాగకు పదకొండు మైళ్లే. పదకొండు మైళ్లంటె ఇక్కడికెళ్లి హయత్ నగర్ దాంక. నాకు మార్కున్నర. గుడారంల పండుకున్నోడికి పదకొండు మైళ్లయినా నూటపది మైళ్లయినా ఒక్కటే. గీ మాట నాకు ఎవ్వరు చెప్పలేదు. నేను మీకు చెప్తున్న. ఇండ్లకు పోండ్రి."

అక్కడ నా గొంతు వణికింది. వణకకూడదనుకున్నాను, వణికింది.

రెండో వరసలో ఒకతను చెయ్యెత్తాడు. "మేడం, ఎన్ని మైళ్లన్నరు?"

అప్పుడు చూశాను. హాలంతా తలలు వంచి రాసుకుంటోంది. పెన్నులు కదులుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. భాగ్యశ్రీ కూడా రాస్తోంది. ఇది రాసుకునేది కాదు, రాసుకోవద్దు అన్నాను. అది నేను చేసిన తప్పు. రాసుకోవద్దని ఫ్యాకల్టీ చెప్పిందంటే అది పరీక్షలో తప్పకుండా వస్తుందని అశోక్ నగర్‌లో అర్థం. వెనక వరసల వాళ్లు కూడా గబగబా నోట్‌బుక్కులు తీశారు.

క్లాసు అయిపోగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫొటోకు పడ్డ చప్పట్లకంటే ఎక్కువ. కింద చేరేవాళ్లు వరస కట్టారు. ఒక్కరు కూడా ఇంటికి పోలేదు.

కరుణాకర్ సార్ దగ్గరికొచ్చాడు. ఫొటో మాట అనగానే తన గుండె ఆగినంత పనైందని చెప్పాడు. "కని మస్తు చెప్పినవ్. గోవర్ధన్ సార్ ఆశ పెడుతుండె. నువ్వు పంతం పెట్టినవ్. ఇగ ప్రతి బ్యాచ్‌కు ఇదే చెప్పు, ఒక్క మాట గూడ మార్చకు." జాగ్రఫీ నీకే అని చెప్పి, రద్దీ చూసుకోవడానికి కిందికి పరుగెత్తాడు.

నేను భాగ్యశ్రీ నోట్‌బుక్ లాక్కుని చూశాను. ధ్రువ ప్రాంత పర్యటన, సవాళ్లు అని పైన రాసి కింద గీత గీసింది. ఒకటి, సముద్రం. రెండు, వందమంది నియమం. మూడు, తెల్లటి చీకటి. అలా వరసగా రాసుకుంటూ పోయి, పదకొండు మైళ్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టి చాలా ముఖ్యం అని రాసింది. చివర్లో ఏడేళ్లు, ఓపిక అని ఉంది. నేను నా బతుకంతా విప్పి ముందు పెడితే, అది పాయింట్లుగా రాసుకుంది. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

ఒక్కటి కూడా నీకు ఎక్కలేదా అని అడిగాను. అన్నీ ఎక్కాయంది. ఎక్కితే ఊరికి పో అన్నాను.

"ఇంత అయినంక గూడ నీకు అక్కడికి పోవాలనే ఉంది అక్క," అంది అది. "చెప్తున్నంత సేపు నీ మొఖంల కనవడ్డది. నా ఆసుపత్రి గురించి చెప్తుంటె నా మొఖం ఎన్నడన్న గట్లున్నదా?"

నేను కాదనలేకపోయాను. కాదని అబద్ధం చెప్పి ఉంటే అది వెళ్లిపోయేదేమో. నాయిన వైపు తిరిగాను, నువ్వన్నా చెప్పు అన్నట్టు. ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను పడ్డ కష్టానికి ఏడుస్తున్నాడనుకున్నాను.

"నువ్వు చెప్తుంటె నాక్కూడ ఒక్కసారి పోయి చూసి రావాలనిపిచ్చింది బిడ్డ," అన్నాడు. "ఉండనియ్, అది గూడ సదువుకోని."

భాగ్యశ్రీ మెట్ల మీద నిలబడే ఆసుపత్రికి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పింది. అవతలివాళ్లు బతిమాలుతున్నట్టున్నారు, లేదు మేడం, లేదు మేడం అంటోంది. నేను అక్కడే ఉన్నాను. ఫోన్ లాక్కోవచ్చు. లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదో ఇప్పటికి చాలాసార్లు ఆలోచించాను. జాగ్రఫీ నీకే అన్న మాట అప్పటికే నా చెవిలో పడి ఉంది. అంతకంటే మంచి కారణం ఏదీ దొరకలేదు.

మర్నాడు గోవర్ధన్ సార్ దగ్గరికి వెళ్లాను. నలుగురిలో పరువు తీశాను, క్షమాపణ చెప్పాలనుకున్నాను. గుమ్మంలోనే మొదలుపెట్టాను, సార్ ఆ ఫొటో సంగతి అని. సార్ చెయ్యెత్తి ఆపి, పలక మీద రాసి చూపించారు.

"ఎందరు చేరిన్రు?"

డెబ్బై ఒకరు సార్, మా చెల్లెతో కలిపి అన్నాను. చెల్లె అన్న మాట ఆయనకు వినబడింది, నాకు తెలుసు, ఎందుకంటే సుద్ద ముక్క చేతిలో అటూ ఇటూ తిరిగింది. తర్వాత అరచేత్తో చెరిపి రాశారు. "ఫొటో సంగతి చెప్పంగనె నవ్విన్రా?" నవ్వారని చెప్పాను. ఆయన కింద ఇంకో రెండు మాటలు రాశారు. "అయితె ఉంచు."

ఈసారి టీ తాగి వచ్చాను.

మూడు నెలలైంది. సార్ గొంతు తిరిగి వచ్చింది గానీ సెంటర్‌కు రాలేదు, కరుణాకర్ సార్ పిలవలేదు. భాగ్యశ్రీ నా హాస్టల్‌లోనే, నా పక్క మంచం. పొద్దున్నే లైబ్రరీకి పోయి కుర్చీ మీద బ్యాగు పెడుతుంది. థియేటర్‌లోకి దాని బదులు ఇంకో అమ్మాయిని తీసుకున్నారని నల్లగొండ నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పారు. ఆ రాత్రి అన్నం తినలేదు, పొద్దున మామూలుగానే లేచింది. పోయిన వారం హాస్టల్‌లో ఒక పిల్లకు జ్వరం వచ్చి సెలైన్ పెట్టాల్సి వచ్చింది. పిలిపించిన నర్సు రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. మా చెల్లెని చేయమన్నాను. అది నోట్‌బుక్‌లోంచి తలెత్తకుండా, అలవాటు తప్పింది అక్క అంది.

నిన్న మళ్లీ ఆదివారం, మళ్లీ కొత్త బ్యాచ్ డెమో. హాలు నిండింది. మెట్ల మీద కూడా నిలబడ్డారు. ముందు పట్టా లేని నేల, తర్వాత పెంగ్విన్, తర్వాత ఫొటో. ఇందిరాపార్కు అనగానే నవ్వారు. బోర్డు చెరిపాను. సముద్రం, వందమంది, తెలుపు, కాళ్ల కింద కదిలిపోయే మంచు. భాగ్యశ్రీ మొదటి వరసలో చివరి కుర్చీలో కూర్చుని, కొత్తవాళ్లకు నోట్సులు పంచడానికి కట్ట పట్టుకుని ఉంది. పదకొండు మైళ్ల దగ్గరికి వచ్చాను. గుడారం గురించి చెప్పాను, హయత్ నగర్ గురించి చెప్పాను, మార్కున్నర గురించి చెప్పాను. ఇండ్లకు పోండ్రి అన్నాను.

మొదటి డెమోలో ఈ మాట దగ్గర నా గొంతు దానంతటదే వణికింది. నిన్న వణకలేదు. నేనే వణికించాను.